గంప దించని ఊరు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే ఇది పాతబడిన కథ. కొండలకు ఈవల, వాన ఆలోచించి ఆలోచించి వచ్చే నేలలో, తంగేడుమిట్ట అనే ఊరు ఉండేది. ఊరికి పైన మిట్ట. మిట్టమీద ఎర్రనేల. ఆ ఎర్రనేలలో కొర్ర పండేది.

ఆ ఊరికి కొర్రే అన్నం. పొద్దున కొర్ర గంజి, మధ్యాహ్నం కొర్రన్నం, పండుగనాడు బెల్లం వేసిన కొర్ర పాయసం. బాలింతకు మొదటి ముద్ద కొర్రే, పళ్ళూడిన ముసలివారికి చివరి గుటక కొర్రే. మిట్టమీదివారు పండించి, గంపలు నెత్తిన పెట్టుకొని దిగివచ్చేవారు. కిందివారు కొనుక్కునేవారు. ఊరి గింజ ఊరు తినేది. ఊరి కూలి ఊరిలో తిరిగేది.

ఆ ఊరికి ఒక కట్టు ఉండేది. నిండు గంప మోసేవారు తమంతట తాము దించుకోలేరు. వంగితే గింజ ఒలుకుతుంది. ఎదుటివారు వచ్చి చేయి వేయాలి. అలా చేయి వేసి గంప దించినవారే మొదటి బేరం చేయాలి. గంప దించిన చేయి కొనకుండా లోపలికి పోకూడదు. మంచి ఉద్దేశంతో పెద్దలు పెట్టిన కట్టు అది. జరగకూడనిది ఆ కట్టును అడ్డం పెట్టుకొనే జరిగింది.

మిట్టమీద ఒక అవ్వ ఉండేది. ముందు వెనుక ఎవరూ లేరు. ఒక గుడిసె, ఒక చేను, ఒక గంప. అంతే ఆమె సంసారం. సంత రోజున తలమీద చుట్టకుదురు పెట్టుకొని, దానిమీద నిండు గంప పెట్టుకొని, మిట్ట దిగి వచ్చేది. వీధి మొదట నిలబడి కేక వేసేది.

"కొర్రలమ్మా కొర్రలు! మన మిట్ట కొర్రలు!"

ఆ కేక విని పిల్లలు పరుగెత్తేవారు. ఆడవారు చాటలు పట్టుకొని గడపల్లోకి వచ్చేవారు. అందరూ ఆమెను కొర్రలవ్వ అనేవారు.

మిట్ట దిగగానే మొదటి గడప సుంకులమ్మది. తొలి బోణీ ఎప్పుడూ ఆ ఇంటిదే. సుంకులమ్మ మామ పళ్ళులేని ముసలివాడు, అరుగుమీద కూర్చొని ఉండేవాడు. ఊరంతటిలో అవ్వను పేరు పెట్టి పిలిచేవాడు ఆయన ఒక్కడే. చిన్ననాడు ఇద్దరూ ఒకే మిట్టమీద గొర్రెలు కాసినవారట. ఆయన పిలిచినప్పుడల్లా అవ్వ నవ్వేది. ఆ పేరు ఏమిటో ఎవరూ చెవిన పెట్టలేదు.

"సగం గంప తెచ్చుకోరాదా అవ్వా? నీ అంతట నువ్వే దించుకోవచ్చు గదా!" అని సుంకులమ్మ ఎగతాళి చేసేది.

"సగం గంపతో వస్తే, మిగతా సగం దారిలోనే బుక్కినావా అని నీ మామ అడుగుతాడే పిల్లా! ముందు చెయ్యి వెయ్యి, మెడ లాగుతోంది" అనేది అవ్వ.

సుంకులమ్మ చేయి వేసేది. గంప దిగేది. శేరు నిండేది. శేరు మీద ఒక గుప్పెడు కొసరు పడేది. ఆ రోజులు అలా ఉండేవి.

ఒక ఏడు కనుమ దాటి బండ్లు వచ్చాయి. కొండల నడుమ బండ్లు నడిచే ఇరుకుదారిని ఆ సీమలో కనుమ అంటారు. ఆ బండ్లతో దూరదేశపు వర్తకుడు ఒకడు వచ్చాడు. సంత నడుమ గోతం మూతి విప్పి, దోసెడు బియ్యం పైకెత్తి వదిలాడు. తెల్లగా, జలజలా రాలాయి.

"చూడండి తల్లుల్లారా! దంచే పని లేదు, చెరిగే పని లేదు. ఎసరు పెట్టుకోవడమే మీ వంతు. మీ చేలలో పత్తి వేయండి. పత్తి నాకు ఇవ్వండి. బియ్యం నేను తెస్తాను."

ఆ ఊరి ఆడవారిని తప్పుపట్టడానికి లేదు. కొర్ర పొట్టు అంత సులువుగా వదలదు. రోకటి పోటుకు అరచేతులు కాయలు కాచినవారు వాళ్ళు. తెల్లవారకముందే లేచి దంచి దంచి నడుములు పడిపోయినవారు. బియ్యం చూసి వారి ముఖాలు వికసించాయి. ఊరి పెద్ద ఓబులయ్య పత్తి వేద్దామన్నాడు. అందరూ తల ఊపారు. బండి రాకపోతే ఎట్లా అని ఆనాడు ఒక్కరూ అడగలేదు. అడగవలసిన ముసలివారు కూడా అడగలేదు. అందరి కళ్ళూ ఆ తెలుపుమీదే ఉన్నాయి.

ఆ ఏడే మిట్టమీద సగం చేలు పత్తి చేలయ్యాయి.

అవ్వ ఎప్పటిలాగే గంపతో దిగింది. "కొర్రలమ్మా కొర్రలు! మన మిట్ట కొర్రలు!"

సుంకులమ్మ గంప దించింది. కట్టు ప్రకారం శేరు కొన్నది. కొంటూ అన్నది: "ఇంట్లో బియ్యం ఉన్నాయి అవ్వా. ఇకమీదట ఎక్కువ తీసుకోలేను. వచ్చే సంతకు చూద్దాంలే."

"చూద్దాంలే తల్లీ" అని అవ్వ గంప ఎత్తించుకొని ముందుకు సాగింది. ఆ రోజు ఇంటింటా ఆమె విన్నది ఆ మాటే. వచ్చే సంతకు చూద్దాంలే.

రెండో ఏడు వచ్చింది. మిట్టమీద మూడే మూడు కొర్రచేలు మిగిలాయి.

అవ్వ కేక వేసింది. సుంకులమ్మ పేడతో వాకిలి అలుకుతూ ఉంది. "చేతులు చూడవ్వా, ఎట్లా దించేది? వచ్చే సంతకు చూద్దాంలే" అన్నది. చేతులు కడుక్కోవడానికి తొట్టి పక్కనే ఉంది. అది అవ్వా చూసింది, సుంకులమ్మా చూసింది. ఇద్దరూ చూడనట్లే ఉన్నారు.

అరుగుమీది ముసలివాడు మాత్రం, "కోడలా, పిడికెడు తీసుకో. నాకు కొర్ర గంజి తాగాలని ఉంది" అన్నాడు.

"బియ్యపు గంజి తెల్లగా ఉంటుంది మామా" అన్నది సుంకులమ్మ.

ఆ చలికాలంలోనే ఆ ముసలివాడు పోయాడు. బియ్యపు గంజి తాగే పోయాడు.

మూడో ఏడు వచ్చింది. మిట్టమీద ఒక్కటే కొర్రచేను మిగిలింది. అది అవ్వది.

ఎండలు ముదిరాయి. తొలకరి దగ్గరపడింది. అవ్వ తన దగ్గర ఉన్న గింజనంతా గంపకు ఎత్తింది. అడుగున నాలుగు గుప్పిళ్ళు అమ్మకుండా విత్తుకు మిగుల్చుకోవాలని ఆమె ఆలోచన. మడకతో నేల దున్నేవాడు కూలి లేనిదే చేనికి రానన్నాడు. గంప అమ్ముడుపోతేనే కూలి. కూలి ఇస్తేనే దుక్కి. దుక్కి పడితేనే విత్తు. ఆ గొలుసు తెగితే అంతటితో సరి. దారిన పోయే మేకల కాపరి సాయంపట్టి ఆమె నెత్తిమీదికి గంప ఎత్తాడు. అవ్వ మిట్ట దిగింది. వీధి మొదట నిలబడింది.

"కొర్రలమ్మా కొర్రలు! మన మిట్ట కొర్రలు!"

మొదటి గడప సుంకులమ్మది. సుంకులమ్మ వాకిట్లోనే ఉంది. చేతుల్లో పేడ లేదు, పిండి లేదు, ఏమీ లేదు.

"అమ్మీ, ఈ గంప దిగాలి" అన్నది అవ్వ. "దిగితేనే నా చేనికి మడక వస్తుంది. నాది తప్ప మిట్టమీద ఇంకెక్కడా కొర్ర లేదు. ఈ ఏడు విత్తు పడకపోతే ఇక లేనట్టే."

"పట్టెడు బియ్యం ఉండగా మళ్ళీ రోకలి ఎవరు ఎత్తుతారు అవ్వా? మా ఆయన నవ్వుతాడు."

"సరే. కొనొద్దు. గంప ఒక్కసారి దించు. మెడ లాగుతోంది. కాసేపు కూర్చొని మంచినీళ్ళు తాగి పోతాను."

సుంకులమ్మ చేతులు కొద్దిగా లేచాయి. మళ్ళీ దిగాయి.

"దించి కొనకపోతే కట్టు తప్పినదాన్ని అవుతాను. నలుగురూ చూస్తున్నారు. వచ్చే సంతకు చూద్దాంలే అవ్వా."

రెండో గడప గాజుల తిప్పక్కది. తిప్పక్క కూడా నెత్తిన బరువు మోసి ఊరూరా తిరిగే మనిషే. గాజుల మూట బరువు ఎరిగినదే. ఆమె తలుపు సగం తెరిచి, "ఒక్కదాన్ని, నాకెందుకవ్వా అంత గింజ? దించితే కొనాలి గదా. వచ్చే సంతకు చూద్దాంలే" అన్నది. తలుపు మెల్లగా మూసింది. గట్టిగా మూయడానికి ఆమెకు మనసు రాలేదు.

మూడో గడప ఓబులయ్యది. అరుగుమీద నలుగురు కూర్చొని తాంబూలం వేసుకుంటున్నారు.

"ఏందవ్వా, పొద్దుటి నుంచీ మోస్తూనే ఉన్నావే! ఆ గంప నీ నెత్తిమీదే మొలకెత్తేటట్టుంది!" అన్నాడు ఓబులయ్య. అరుగంతా నవ్వింది.

అవ్వ కూడా నవ్వింది. "మొలిస్తే మేలే నాయనా. మడకకు కూలి తప్పుతుంది" అన్నది. తరువాత గొంతు తగ్గించి, "కాస్త దించరాదా?" అని అడిగింది.

"దించవచ్చు అవ్వా, కట్టు ఉంది గదా. నేనే తప్పితే ఊరికి ఏం చెప్తాను? వచ్చే సంతకు చూద్దాంలే."

ఆ రోజు అవ్వ ఊరంతా తిరిగింది. కేక సన్నబడింది. ఏ గడపా ఆమెను తిట్టలేదు. ఏ గడపా ఆమెను తరమలేదు. అందరూ నవ్వుతూనే మాట్లాడారు. గంప మాత్రం ఎవరూ దించలేదు.

సంత ముగిసింది. అవ్వ నిండు గంపతోనే మిట్టదారి పట్టింది. దారి మలుపులో మనిషి ఎత్తు బండ ఒకటి ఉంది. అవ్వ దానికి వీపు ఆనించింది. గంప అంచును మెల్లగా వెనక్కు, బండమీదికి జరిపింది. సగం జరిగింది. అంతవరకే ఆమెకు చేతనైంది. గంప సగం బండమీద, సగం గాలిలో నిలిచింది. అవ్వ బండకు ఆనుకొనే కిందికి జారి కూర్చుంది.

మేకలు తోలుకొని వచ్చినవారు ఆమెను అలాగే చూశారు. చుట్టకుదురు తలమీదే ఉంది. పిలిస్తే పలకలేదు.

ఊరు కదిలివచ్చింది. వచ్చినవారు గంపవైపు చూశారు. ఎవరూ చేయి వేయలేదు. చేయి వేస్తే కొనాలి. ఎవరి దగ్గర కొనాలి? గంపను అలాగే వదిలి, అవ్వను మాత్రం తీసుకుపోయారు.

పాడె కట్టారు. మోయడానికి మగవారు పోటీపడి వచ్చారు. అవ్వ బరువు ఏమంత లేదు. ఆ గంప కంటే తేలికగా ఉందని మోసినవారు తరువాత చెప్పుకున్నారు.

శ్మశానానికి సగం దూరంలో దింపుడు కల్లం. అక్కడ పాడె దించుతారు. పోయినవారి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తుందని ఆశ. ఆడవారు అక్కడి వరకే వచ్చి వెనుదిరుగుతారు.

పాడె దించారు.

"ఆమెకు ఎవరూ లేరు. ఎవరో ఒకరు పిలవండి" అన్నాడు ఓబులయ్య. ఒకడు ముందుకు వచ్చి, చెవి దగ్గరకు వంగి, తల ఎత్తాడు.

"పేరేంది?"

 ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొర్రలవ్వ అన్నారు. అది ఆమె మోసిన బరువు పేరు, ఆమె పేరు కాదు. తిప్పక్కకు తెలియదు. ఓబులయ్యకు తెలియదు. తెలిసిన ఒక్క ముసలివాడు పోయిన చలికాలంలోనే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళు ఆమె చేతి గింజ తిన్న ఊరు, ఆమె చెవిలో చెప్పడానికి పేరు లేక నిలబడింది.

అప్పుడు సుంకులమ్మ ముందుకు వచ్చింది. అవ్వ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"కొర్రలమ్మా కొర్రలు! మన మిట్ట కొర్రలు!" అని పిలిచింది.

మళ్ళీ, "కొర్రలమ్మా కొర్రలు! మన మిట్ట కొర్రలు!" అని పిలిచింది.

మూడోసారి ఆమెకు ఆ కేక రాలేదు. "గంప దించుతాను, లే అవ్వా" అన్నది.

అవ్వ లేవలేదు. పాడె లేచింది.

కొన్నాళ్ళకు వాన వచ్చింది. ఆలోచించకుండా వచ్చింది. పగలనక రేయనక కురిసింది. మలుపులో బండమీద నిలిచిన గంప తడిసి, బరువెక్కి, ఒరిగింది. ఎవరూ దించని గంపను చివరకు వాన దించింది. గింజ బండ చుట్టూ ఎర్రమట్టిలో చల్లినట్లు పడింది.

అదే వానకు కనుమ కూలింది. కొండచరియలు విరిగి బండిదారిమీద పడ్డాయి. బండ్లు రాలేదు. ఈ సంతకు రాలేదు, వచ్చే సంతకు రాలేదు, ఆపై సంతకూ రాలేదు. చేలలో పత్తి నీరు పట్టి కుళ్ళింది. కుండలలో బియ్యం అడుగంటింది. ఊరి చుట్టూ ఇంత నేల ఉంది. ఆ నేలలో నోట పెట్టుకునే గింజ లేదు.

ఆ కరువు వివరించి చెప్పడం నాకు ఇష్టం లేదు. చింతపిక్కలు ఉడికించుకున్నారు. అడవి దుంపలు తవ్వుకున్నారు. కొందరు ఊరు విడిచి పోయారు. పోయినవారిలో కొందరు తిరిగి రాలేదు. తిప్పక్క రాలేదు. గాజుల మూట ఆమె ఇంటి చూరుకే వేలాడుతూ ఉండిపోయింది.

దసరా దగ్గరపడేనాటికి మేకల కాపరి ఒకడు ఊరిలోకి పరుగున వచ్చాడు. "బండ చుట్టూ కొర్ర! వెన్నులు వంగి ఉన్నాయి!" అని అరిచాడు.

ఊరిలో మిగిలినవారంతా వెళ్ళారు. ఎవరూ దున్నలేదు, ఎవరూ విత్తలేదు, ఎవరూ కాపు కాయలేదు. పిట్టలు తిన్నంత తినగా మిగిలిన వెన్నులు బంగారపు రంగులో తలలు వంచి నిలబడ్డాయి. ఓబులయ్య వాటిని చూసి నేలమీద కూలబడ్డాడు. నెత్తిమీదే మొలకెత్తేటట్టుంది అన్న తన మాటే అతనికి వినిపించింది. ఆ రోజు నవ్విన అరుగులో ఒక్కరూ ఇప్పుడు నవ్వలేదు.

కోసి, దులిపి చూస్తే ఒక చాటెడు గింజ వచ్చింది.

"పిల్లలకైనా తలా ఒక గుటక గంజి కాద్దాం" అన్నాడు ఒకడు.

"కాద్దాం. రేపటికి?" అన్నది సుంకులమ్మ.

"రేపటి మాట రేపు చూద్దాంలే."

"చూద్దాంలే, చూద్దాంలే అనే గదన్నా ఇక్కడికి వచ్చినాము!" అని సుంకులమ్మ చాటను గుండెకు హత్తుకుంది. "ఇది తినే గింజ కాదు. విత్తు పడకపోతే ఇక లేనట్టే అని ఆమె నా ముఖానే చెప్పింది. విని నేను చేతులు ముడుచుకున్నాను. ఈసారి ముడుచుకోను. నా ప్రాణం పోయినా ఇది విత్తనాల కుండలోకే పోతుంది."

 వేపాకు పరిచి, గింజ పోసి, కుండ మూతికి మట్టి మెత్తారు. ఆ చలికాలమంతా, ఆ ఎండాకాలమంతా ఊరు ఆకలితో ఆ కుండకు కాపలా ఉంది. కుండ మూత ఎవరూ తీయలేదు. తొలకరికి మాత్రమే తీశారు. మడక దున్నేవాడు కూలి అడగలేదు. ముందుగా అవ్వ చేను దున్నాడు.

పంట వచ్చింది. తొలి గంప నెత్తిన పెట్టుకొని మిట్టమీది పడుచు ఒకతె దిగివచ్చింది. కేక వేయడానికి ఆమెకు ఇంకా సిగ్గుగా ఉంది. సుంకులమ్మ గడప దాటి ఎదురుపోయింది. రెండు చేతులూ వేసింది. గంప దించింది. దించి, అక్కడే నిలబడిపోయింది.

"ఏమైంది అత్తా?" అని అడిగింది పడుచు.

"ఇంతేనా?" అన్నది సుంకులమ్మ. "దించడమంటే ఇంతేనా? రెప్పపాటు కూడా పట్టలేదే."

అని ఏడ్చింది. ఊరివారు వచ్చి ఎంత ఓదార్చినా ఆ ఏడుపు ఆగలేదు. తరువాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఎప్పుడు గంప దించినా కళ్ళు తుడుచుకునే దించేదట.

కనుమ దారి మళ్ళీ బాగయింది. బండ్లు మళ్ళీ వచ్చాయి. ఊరివారు వాటిని వెళ్ళగొట్టలేదు. ఉప్పు కొన్నారు, ఇనుము కొన్నారు, పండుగకు ఇంత బియ్యమూ కొన్నారు. కానీ మిట్టమీది గంపలన్నీ దిగాకే బండిలో గోతం మూతి విప్పాలని చెప్పారు. వర్తకుడు సరేనన్నాడు. ఆ కట్టు ఈనాటికీ ఉంది.

పాత కట్టును మాత్రం మార్చారు. ఆ సీమలో నెత్తిన గంపతో ఎవరు ఎదురైనా, చూసినవారు ముందు చేయి వేసి దించుతారు. కొన్నా దించుతారు, కొనకపోయినా దించుతారు. కొనలేనివారు రెండు గింజలు నోట వేసుకొని, మంచినీళ్ళు ఇచ్చి, మళ్ళీ ఎత్తి పంపుతారు. వచ్చే సంతకు చూద్దాంలే అనే మాట అక్కడ ఎవరి నోటా రాదు. తెలియని కొత్త కోడలు ఎప్పుడైనా అంటే, అత్త గబుక్కున ఆమె నోటికి చేయి అడ్డం పెడుతుంది.

కొర్ర నూర్చిన ప్రతి ఏడూ, ఒక గంపను మలుపులోని బండమీద సగం బయటికి ఉండేలా పెట్టి వస్తారు. దాన్ని ఎవరూ దించరు. వాన దించేదాకా అది అలాగే ఉంటుంది. దింపుడు కల్లంలో ఎవరి పాడె దించినా, సొంత పేరుతో మూడుసార్లు పిలిచాక, మెల్లగా ఇంకొక కేక వేస్తారు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు.

గంప దించాక ఆ ఊరివారు ధర అడగరు. ముందు, "నీ పేరేమి తల్లీ?" అని అడుగుతారు. తరువాత, "ఏ చేను?" అని అడుగుతారు. ఆ తరువాతే, "శేరు ఎంత?" అంటారు. పిల్లలకు మాటలు రాగానే మిట్టమీద పండించేవారి పేర్లన్నీ నేర్పుతారు.

కథ విన్న పిల్లలు ప్రతిసారీ అడుగుతారు, ఇంతకీ ఆ అవ్వ పేరేమిటని.  తెలియదు నాయనా, అంటారు చెప్పేవారు. ఎవరూ అడగలేదు, అంటారు.

నా నెత్తిమీది కథ ఇక్కడ దించాను. పిడికెడు మీరూ పట్టుకుపొండి.